ఊపిరి లేని కేక

సినిమా అవార్డులు ఇచ్చిన మర్నాడు నేను పనికి పోను. ప్రతి ఏడూ అంతే. టీ కాచుకుని, గెలిచినవాళ్ళ జాబితా ముందు పెట్టుకుని, ఎవరికి న్యాయంగా వచ్చిందో, ఎవరికి మొహమాటానికి ఇచ్చారో ఫోన్లో పెద్ద పోస్టు రాస్తాను. రాయమని నన్నెవరూ అడగలేదు. నోరు పెట్టుకుని బతికేదాన్ని, ఊరుకోమంటే ఎలా ఊరుకుంటాను?

నోరు పెట్టుకుని బతకడమన్నది ఉత్తమాట కాదు. మా సినిమాల్లో ఆడవాళ్ళ అరుపుల్లో సగం నావే. దయ్యాన్ని చూసినా, మెట్ల మీంచి పడినా, పురిటి నొప్పులు పడినా తెరమీద మొహం హీరోయిన్‌ది, గొంతు నాది. పదహారేళ్ళుగా ఇదే పని. స్టూడియోల్లో నన్ను కేకలక్క అంటారు. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే పలకడం మర్చిపోతున్నాను.

ఈ ఏడు జాబితా చూడగానే ఒళ్ళు మండింది. ఉత్తమ నటుడికి సినిమా పొడుగునా ఒకటే మొహం. ఆ అవార్డు ఆయన గడ్డానికి ఇచ్చి ఉంటే నేను కాదనేదాన్ని కాదు. ఉత్తమ చిత్రంలో గంటసేపు వాన, చూసి వచ్చాక నాకు జలుబు చేసింది. ఉత్తమ మాటలు వచ్చిన సినిమాలో హీరో, విలను, పనిమనిషి ముగ్గురూ ఒక్కలాగే మాట్లాడతారు. ఇక ఉత్తమ నటి. అందరం క్వారీ సినిమా అని పిలుచుకునే ఆ సినిమాలో నటించినావిడ. ఆవిడ ఎంత ఏడ్చినా కాటుక చెదరదు. ఆ సినిమాలో ఆవిడ బాగా చేసిందని జనం చెప్పుకునే చోటు ఒక్కటే. విలన్ మనుషులు తరుముతుంటే రాళ్ళ గని అంచు మీంచి నీళ్ళలోకి పడుతూ అరిచే అరుపు. రెండు సెకన్లు కూడా ఉండదు. హాల్లో పాప్‌కార్న్ నమిలేవాళ్ళ నోళ్ళు ఆగిపోయాయి. ఆ అరుపు ఆవిడది కాదు. నా చెవికి ఆ మాత్రం తెలుసు.

అదే సినిమాకి ఉత్తమ శబ్దగ్రహణం అవార్డు వచ్చింది. అది నా తమ్ముడిది. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడికి పదిహేడేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని స్టూడియోకి తీసుకెళ్ళి, ఆర్టిస్టు మూడ్‌లోకి రావాలంటే షూటింగ్‌లో పట్టిన పాత ట్రాక్‌ని, అరుపొక్కటే కాకుండా ముందూ వెనకా కూడా కాస్త వదిలి వినిపించాలిరా అని నేర్పిందీ నేనే. అవార్డు బొమ్మ తెచ్చి వాడు మా ఇంట్లో టీవీ పక్కన పెట్టాడు. "ఇది నీదేనక్కా" అన్నాడు. అలా అంటూ నా వైపు చూడలేదు. సిగ్గుపడుతున్నాడనుకుని మురిసిపోయాను.

"ఆ గని అరుపు ఎవరిదిరా?" అని అడిగాను.

"ఎవరో కొత్తమ్మాయి. ఒకటే టేక్" అని లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు.

మా ఊళ్ళో అరుపులు అరిచేవాళ్ళం ఆరుగురం. అయిదుగురికీ ఫోన్ చేశాను. నేను కాదంటే నేను కాదన్నారు. అందుకని పోస్టులో ఇలా రాశాను: "అరిచే ముందు మేమందరం ఊపిరి పీలుస్తాం. ఎడిటర్ ఆ చప్పుడు కోసేసినా, నిండు గుండెతో మొదలైన అరుపు వింటే తెలిసిపోతుంది. ఈ పిల్ల ఊపిరే పీల్చలేదు. ఖాళీ గుండెతో అరిచింది. ఇంత నేర్పు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఎవరివమ్మా నువ్వు? ఉత్తమ నటి నువ్వే."

ఎన్నేళ్ళ అనుభవమో చూడండి! అన్నీ సరిగ్గా విని, తప్పుగా అర్థం చేసుకున్నాను.

మూడో రోజు ఒకావిడ ఫోన్ చేసింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలరట. "మేడమ్, ఆ అరుపు మా చెల్లిది" అంది. ఎగిరి గంతేసినంత పని చేశాను. కలుస్తానన్నాను.

ఇరుకు కొట్టు. ఒక మిషను, గోడకి వేలాడే నీలం నిక్కర్లు, కత్తిరించిన గుడ్డముక్కల గోతాం. ఆవిడకి ముప్పై అయిదు ఉంటాయేమో. మిషను ఆపి స్టూలు తుడిచి వేసింది. చెల్లి ఎక్కడమ్మా అని అడగబోతుంటే తనే మొదలుపెట్టింది.

"చెల్లి డూప్‌గా చేస్తుంది మేడమ్. హీరోయిన్లకి బదులు దూకడం, పడటం. ఆ సినిమాకని వెళ్ళి పదకొండు నెలలైంది. మూడోరోజు సినిమా కంపెనీ మేనేజరు వచ్చి దాని బ్యాగు ఇచ్చాడు. గొడవపడి మధ్యలో ఎవరితోనో వెళ్ళిపోయిందన్నాడు. స్టేషన్లో కూడా అదే రాసుకున్నారు. సినిమా వచ్చాక అందులో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెళ్ళాను. కనిపించలేదు. వినిపించింది."

నేను స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

"నాలుగుసార్లు చూశాను మేడమ్. మీ పోస్టు మా పక్కకొట్టాయన చదివి వినిపించాడు. నేర్పు అని రాశారంట కదా. మీకు తెలుసు కదా. అది నటనే అని ఒక్కమాట చెప్పండి. ఇంటికెళ్ళి నిద్రపోతాను."

ఆ మాట చెప్పి ఉంటే ఆవిడ నమ్మేది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆ రెండు సెకన్లూ చెవిలో మళ్ళీ మోగాయి. ఊపిరి ఎందుకు పీల్చలేదో అప్పుడు తెలిసింది. నిజంగా పడిపోయే మనిషికి పీల్చుకునే తీరిక ఉండదు.

"ఇంకోసారి విని చెప్తాను" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా సూదిలోకి దారం ఎక్కించుకుంది. మూడుసార్లు తప్పింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ పోస్టు తీసెయ్ అక్కా."

"ఎందుకు?"

"మేనేజర్ చదివాడు. టీవీలో వేసే కాపీకి ఆ అరుపు మార్చమంటున్నాడు. నువ్వే వచ్చి అరవాలంట. బయటివాళ్ళొద్దు అన్నాడు."

"అవార్డు వచ్చిన అరుపుని ఎవరైనా మారుస్తారా? అది షూటింగ్‌లో తీసుకున్న పైలట్ ట్రాకేనా?"

వాడు మెల్లిగా అవునన్నాడు. షూటింగ్‌లో గుర్తుకోసం రికార్డు చేసేదాన్ని పైలట్ ట్రాక్ అంటాం. డబ్బింగ్ అయిపోగానే దాన్ని పారేస్తాం. ఎవరూ సినిమాలో ఉంచరు. వీడు ఉంచాడు.

"అంత బాగుంది అక్కా. ఎన్ని అరుపులు పెట్టి చూసినా దాని ముందు తేలిపోయాయి. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు" అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే వినబడినట్టు తల దించుకున్నాడు.

"ఆ పిల్ల ఏదిరా?"

"వెళ్ళిపోయిందన్నారు."

"వెళ్ళడం నువ్వు చూశావా?"

"నేను వ్యాన్ దగ్గర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నా. నేనేం చూడలేదు. విన్నానంతే."

టీవీ పక్కన ఆ బొమ్మ మెరుస్తోంది. దాన్ని రోజూ తుడుస్తున్నది నేనే. వీడికి జ్వరం వస్తే నేను పస్తులున్నాను, వీడి మీద ఈగ వాలనివ్వలేదు. వీణ్ణి కొట్టాలో కాపాడాలో తెలియలేదు.

"నా అరుపు పెట్టాక ఆ ట్రాక్ ఏం చేస్తారు?"

"చెరిపెయ్యమన్నాడు. తన కళ్ళముందే."

అంటే ఆ పిల్ల మిగిల్చి వెళ్ళిన ఆఖరి గుర్తు మీద నా గొంతు పూసెయ్యాలి. సరే వస్తాను, కానీ ఆ అరుపుకి ఒక గొంతు చాలదు, తోడుగా నాకు నమ్మకమైన ఇంకో ఆర్టిస్టుని తెచ్చుకుంటాను, బయటి మనిషి కాదులే అన్నాను. అలాంటివి మామూలే కాబట్టి వాడు తలూపాడు. వాడు వెళ్ళాక టైలరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వినడం కష్టం, వద్దులే అని కూడా అన్నాను.

"పదకొండు నెలలుగా ఏమీ తెలియకుండా ఉన్నా మేడమ్. అంతకంటే కష్టమా?" అంది.

మర్నాడు పదింటికి డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళాం. థియేటర్ అంటే ఒక చిన్న గది. గోడలకి మెత్తటి గుడ్డ, మధ్యలో మైకు, ఎదురుగా తెర. పక్కన అద్దం వెనక ఇంకో గది, అందులో మిషన్ల ముందు తమ్ముడు. వాడి వెనక సోఫాలో మేనేజరు. ఇస్త్రీ చొక్కా, సన్నటి గొంతు. ఆయన గొంతు పెంచగా ఎవరూ విన్లేదంటారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"రండమ్మా. మీ అభిప్రాయాలు ప్రతి ఏడూ చదువుతాను. ఆ గడ్డం గురించి రాసింది చదివి తెగ నవ్వుకున్నాను. ఒక్కచోటే కొంచెం ఎక్కువ రాశారు."

"నోరు ఊరుకోదండీ" అన్నాను.

"ఊరుకుంటే అందరికీ మంచిదమ్మా. మీ తమ్ముడు పైకి వస్తున్న పిల్లాడు." నవ్వుతూనే అన్నాడు. నా పక్కనున్న మనిషి ఇంటికి బ్యాగు తెచ్చి ఇచ్చింది తనేనని ఆయనకి గుర్తే లేదు. టైలరుకి గుర్తుంది. ఆవిడ ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు.

మైకు ముందుకి వెళ్ళాం. చెరో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాం, అద్దం వెనక తమ్ముడు కూడా; పాత ట్రాక్ వాటిలో తప్ప బయటికి వినబడదు. గని సీను తెరమీద మొదటికి వచ్చి ఆగింది. రికార్డింగ్ మొదలైనట్టు ఎర్ర లైటు వెలిగింది.

"ముందూ వెనకా కాస్త వదలరా. మూడ్ రావాలి" అన్నాను.

అద్దం వెనక తమ్ముడి చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూశాడు. ఈ మాట వాడికి పదిహేడేళ్ళప్పటి నుంచీ చెబుతున్నాను, ఒక్కసారీ కాదనలేదు. మేనేజరు ఫోన్ చూసుకుంటున్నాడు. వాడు మీట నొక్కాడు.

ముందు గాలి. దూరంగా ఎవరో దగ్గారు. తాడు రాతికి రాసుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, మామూలుగా, కాస్త మొహమాటంగా: "అన్నా, తాడు వదులుగా ఉంది. ఒక్కసారి చూస్తారా?"

టైలరు నా మోచెయ్యి పట్టుకుంది.

సన్నటి గొంతు: "వెలుతురు పోతోందమ్మా. కానివ్వు, కానివ్వు."

అరుపు. నీళ్ళ చప్పుడు. సినిమాలో అక్కడితో అయిపోతుంది. ట్రాక్ అయిపోలేదు. కొంతసేపు ఎవరూ ఏమీ అనలేదు. నీళ్ళలో ఏదో రెండుసార్లు కొట్టుకుంది. "అక్కా" అని వినబడింది, ఒక్కసారే. ఆపైన నీళ్ళే.

సన్నటి గొంతు: "రికార్డింగ్ ఆపు."

నా తమ్ముడి గొంతు: "సార్, ఆ అమ్మాయి..."

"ఆపమన్నాను."

టక్కుమని ఆగిపోయింది.

అరవాల్సింది నేను. నేను అరవలేదు. పక్కన టైలరు అరిచింది. ఊపిరి పీల్చిన చప్పుడు లేదు. ఖాళీ గుండెతో, అచ్చం ఆ గొంతే, అదే రక్తం. హెడ్‌ఫోన్స్ జారి నేల మీద పడ్డాయి. ఆవిడ మైకు స్టాండు పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. నేను ఆవిడని పట్టుకుని నాకు తెలియకుండానే ఏడుస్తున్నాను.

గదిలో స్పీకరు పలికింది. మేనేజరు సోఫాలోంచి లేచి అద్దం దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అద్భుతం! దానికంటే ఇదే బాగుంది. టేక్ ఓకే. ఎవరమ్మా ఈవిడ? అవార్డు ఈవిడకే ఇవ్వాలి."

తమ్ముడు నోరెళ్ళబెట్టి టైలరునే చూస్తున్నాడు. ఆ గొంతు ఎవరి గొంతులా ఉందో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మైకు దగ్గరికి వెళ్ళి, ప్రతి అక్షరం పట్టేలా నిలబడి చెప్పాను.

"మీరు తాడు చూడనివ్వని పిల్లకి అక్క."

మేనేజరు మొహంలో వెలుగు ఆరిపోవడానికి కొంచెం సమయం పట్టింది. గొంతు మాత్రం మారలేదు. అదే సన్నటి గొంతుతో, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "రికార్డింగ్ ఆపు" అన్నాడు. ఆ మాట మా స్పీకర్లో మోగింది. మైకు దాన్నీ పట్టుకుంది.

తమ్ముడి వేలు మీట మీద ఉంది. వాడు నన్ను చూశాడు. నేల మీద కూర్చున్న టైలరుని చూశాడు.

"ఆపమన్నాను" అన్నాడు మేనేజరు.

ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.