గొట్టంలో మూడు దెబ్బలు

మూతబడిన బొగ్గుగనిలో నిలిచిన నీళ్లు వెచ్చగా ఉంటాయట. ఆ వేడిని గొట్టాల గుండా వీధిలోని ఇళ్లన్నిటికీ పంపడం ఆ ఉదయమే మొదలుపెట్టారు. కోడలు గోడవెంట ఉన్న గొట్టానికి చేతులు ఆనించి మురిసిపోతోంది. అంతలో లోపల టంగు టంగుమని మూడుసార్లు మోగింది.

కుర్చీలో కునుకుతున్న మామగారు ఉలిక్కిపడి లేచాడు. వయసంతా గనిలో ధారపోసిన మనిషి.

"గనిలో ఎవరో ఉన్నారమ్మా! కప్పు కూలి చిక్కుకుపోతే మేం ఇలాగే గొట్టాన్ని మూడుసార్లు కొట్టేవాళ్లం."

"అయ్యో మామయ్యా, గాలి చేరితే అలా మోగుతుందని ఫిట్టర్ చెప్పాడుగా!"

ఆయన వింటేగా! చేతికర్రతో గొట్టం మీద మూడు దెబ్బలు వేశాడు. వస్తున్నామని దానికి అర్థం.

మరుక్షణం గొట్టం బదులు పలికింది. దగ్గరగా, దూరంగా, ఆగకుండా మోగుతూనే ఉంది. కోడలు ఒక్క ఉదుటున వీధిలోకి పరుగెత్తి, అక్కడే కొయ్యబారిపోయింది.

ఇంటింటా ఆ గొట్టం మీదే జవాబు కొట్టిన ముసలివాళ్లు, ఒకప్పటి గని కార్మికులు, కాళ్లకు చెప్పులైనా లేకుండా, పారలూ గునపాలూ పట్టుకుని గనివైపు పరుగుపెడుతున్నారు.

"అది గాలే మామయ్యా!" అని ఇంటివైపు తిరిగి అరిచిందామె.

"గాలే అయితే అంతకంటే ఏం కావాలమ్మా," అంటూ ఆయన గుమ్మం పక్కనున్న పార అందుకున్నాడు. "చూసొస్తాం."