మొరం నిలవని చోటు

"కారు పోతే నీదేం అరుగుతాంది?" అన్నాడు విజేందర్, నోట్లోంచి బ్రష్ తీయకుండానే.

స్వరూప అప్పుడే వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గు వేసి, నడుం నిఠారుగా చేసుకోబోతోంది. అంతలోనే వెనకింటి పరశురాం తెల్ల కారు స్వరూప వాళ్ల గేటులోంచి లోపలికి దూసుకొచ్చి, ముగ్గు మీదుగా ఎక్కి, ఇంటి పక్క బాట వెంట తన గోదాం వైపు పోయింది. ముగ్గులో రెండు టైర్ల గీతలు పడ్డాయి. పేడనీళ్లు ఎగిరి గోడ మీద చారికలు కట్టాయి. అరిగేదేమిటో చెప్పాలంటే చాలానే ఉంది. ముగ్గు అరిగింది, గోడ సున్నం అరిగింది, రోజూ రెండుసార్లు ఊడ్చి ఆమె నడుం అరిగింది. కాని ఆడదాని నడుం అరిగితే ఇంట్లోవాళ్ల కంటికి ఆనదు. పొద్దున టీ ఆలస్యమైతే మాత్రం వెంటనే ఆనుతుంది.

మోత్కూర్ శివారులోని ఆ కాలనీలో ఇళ్ల జాగలన్నీ సర్కారు ఆడవాళ్ల పేరు మీదనే ఇచ్చింది. పట్టా మీద స్వరూప ఫొటో ఉంది. "పేరు నీది, పెత్తనం నాది" అని విజేందర్ చుట్టాల ముందు అనేవాడు. చుట్టాలు నవ్వేవాళ్లు. ఎంగిలి టీ గ్లాసులు ఏరుకుంటూ స్వరూప కూడా నవ్వేది, నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారని. ఇంటి పక్కన ఆ బాటకు వదిలిన జాగ కూడా ఆ పట్టాలోదే. పరశురాంకు మురికి మోరీ పక్క నుంచి వేరే తొవ్వ ఉంది. కాకపోతే అది చుట్టు, కొంచెం బురద. పోయిన వానకాలంలో "జర ఒక్క పూట పోనియ్యు తమ్మీ" అని అడిగాడు. అడిగింది విజేందర్‌ను. విజేందర్ అతని ఎరువుల దుకాణంలోనే పనిచేస్తాడు. "మనదే కదన్నా, పో" అన్నాడట. భార్య పేరు మీదున్న దాన్ని మనది అనడానికి మగవాళ్లకు నోరు ఎంత తేలిగ్గా వస్తుందో! ఒక్క పూట కాస్తా రోజూ అయింది. వెనక అడ్డంగా ఉన్న ముళ్లకంప తీసేశారు. పరశురాం ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు.

ముగ్గు పోతే పోయిందిలే అని ఆమె ఊరుకునేదే. జన్మలో ఎన్నింటికి ఊరుకోలేదు! కాని కారు ఆ బాట మీద పోయినప్పుడల్లా ఇంకొకటి జరుగుతోంది. చెబితే పిచ్చిదంటారు.

మొదటిసారి ఆమె పప్పుకు పోపు పెడుతోంది. బయట కారు ఇంటి మూల మలుపు తిరిగిన చప్పుడు, తర్వాత టైరు ఒకచోట మెత్తగా దిగి పైకి లేచిన చప్పుడు. అదే క్షణంలో రొమ్ముల్లో ఏదో జుమ్మని పాకింది. చూసుకుంటే జాకెట్ తడిసి ఉంది. చెమట అనుకుంది. చెమటకు ఆ వాసన ఉండదు. పొయ్యి మీద పోపు మాడిపోతోంది, ఆమె కొంగు తీసి చూసుకుంటూ నిలబడిపోయింది. పాలు.

ఆరేడేళ్ల కిందట ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొక్క దినాలు నిండనే లేదు. తొట్టెలో వేయలేదు, పేరు పెట్టలేదు. స్వరూప జ్వరంతో ఒళ్లు తెలియక పడుకున్న రాత్రే ఆ పిల్ల చనిపోయింది. తెల్లారి లేచేసరికి పక్కలో గుడ్డలు ఉన్నాయి, పిల్ల లేదు. "ఊరవతల చెలకల బొంద పెట్టిచ్చినం. నువ్వా దిక్కు సూడొద్దు, అడగొద్దు" అంది అత్త నాగులమ్మ. పేరు పెట్టని పిల్లకు ఏడుపేమిటని చూడవచ్చినవాళ్లు కూడా తొందరగానే లేచిపోయారు. పిల్ల పోయిందని పాలకు ఎవరు చెప్పాలి? అవి వస్తూనే ఉన్నాయి. గడ్డకట్టి రాళ్లయ్యాయి. అప్పుడు నాగులమ్మ మల్లెపూల దండలు తెప్పించి, రొమ్ముల మీద పరిచి, పాత చీరతో ఊపిరాడకుండా బిగించి కట్టింది. మల్లెలు వాడాయి, పాలు ఎండాయి. స్వరూప మళ్లీ తలలో మల్లెపూలు పెట్టుకోలేదు. మళ్లీ కడుపు కూడా పండలేదు.

ఇప్పుడు కారు పోయినప్పుడల్లా ఇల్లంతా అదే వాసన. వాడిన మల్లెలు, పులిసిన పాలు. వాళ్లింట్లో మల్లెచెట్టే లేదు.

దవాఖానకు పోతే నర్సు, "కొందరికి గట్లయితది, మనసుల పెట్టుకోకు" అని గోలీలు ఇచ్చింది. విజేందర్‌కు చెబితే, "నీకన్ని ఇచ్చంత్రాలే" అని ఫోన్ చూసుకున్నాడు. స్వరూప అంగన్‌వాడీ టీచరు. రోజూ కడుపుతో ఉన్నవాళ్లకు పాలు కాచి పోస్తుంది, గుడ్డు పెడుతుంది, వాళ్ల బరువు చూస్తుంది. "నీకు లేకపోతేంది టీచరమ్మా, ఊరి పిల్లలంత నీ పిల్లలే కద" అంటుంది తనిఖీకి వచ్చే మేడం, మెచ్చుకుంటున్నట్టు. ఆ మాట విన్న రోజు ఆమె పాలగిన్నె ముందు నిలబడి చాలాసేపు కలుపుతూనే ఉంటుంది. లోపల పాలతో తడిసిన జాకెట్, బయట ఊరి పిల్లల కోసం కాగుతున్న పాలు. ఈ రెండిటి మధ్య ఒక మనిషి నిలబడి ఉందని ఆ మేడంకు గాని, ఇంకెవరికి గాని ఎందుకు తెలుస్తుంది?

టైరు దిగే చోట గుంత పడింది. మూరెడు పొడవుంటుంది, అంతే. విజేందర్ ఆదివారాలు తట్టతో మొరం మట్టి తెచ్చి పోసి, కాళ్లతో తొక్కి చదును చేసేవాడు. ఇంట్లో చెంబు అటుది ఇటు పెట్టని మనిషి, యజమాని కారు కుదుపుకు గురికావద్దని చెమటోడ్చేవాడు. రెండు రోజులు తిరక్కముందే మొరం కిందికి దిగిపోయి గుంత మళ్లీ అదే కొలతన తేలేది. వానలు మొదలయ్యాక ఇంకో వింత కనిపించింది. బాటంతా నీళ్లు నిలిచి మడుగవుతుంది. ఆ గుంతలో మాత్రం చుక్క నిలవదు, ఎవరో తాగేసినట్టు.

పరశురాంకూ అది తెలిసింది. ఒక సాయంత్రం కారు ఆపి అద్దం దించాడు. "చెల్లె, మీ బాటల గీడ బండి మెత్తగ దిగుతాంది. ఒక తీరు భయమైతాంది. కింద పాత బాయి గిట్ల ఉన్నదా?"

"బాయి లేదన్నా" అంది స్వరూప.

అరుగు మీద బియ్యం చెరుగుతున్న నాగులమ్మ చేతిలో చాట ఆగింది. "మట్టే మెత్తన. ఏం లేదు, ఏం లేదు" అంది. తననెవరూ అడగకుండానే రెండుసార్లు ఎందుకు అంది?

"అయితె ఆదివారం సిమెంటు పోపిస్త. రాయిలెక్క గట్టి పడతది. మీకు గూడ సాఫ్‌గ ఉంటది" అని పరశురాం వెళ్లిపోయాడు. విజేందర్ మొహం వెలిగిపోయింది. "సూసినవా, మనకోసం అన్న ఎంత సోంచాయిస్తడో!" అన్నాడు. సిమెంటు పడ్డ తర్వాత ఆ బాట స్వరూపదని ఇంకెవరైనా నమ్ముతారా? రేపు కాలనీ మొత్తం దాని మీదనే నడుస్తుంది. స్వరూప ఆ సంగతే అడిగింది. "అమ్మో, పట్టాదారు మాట్లాడ్తాంది" అన్నాడతను.

మర్నాడు పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ల గిన్నె పట్టుకొని నాగులమ్మ ఇంటి వెనక్కి పోతుంటే స్వరూప కిటికీలోంచి చూసింది. రోజూ చూసేదే. కాని చూడటం వేరు, కనిపించడం వేరు. ముసలామెకు మోకాళ్ల నొప్పులు, అడుగు తీసి అడుగు వేయలేదు. అయినా ఆ గుంత దగ్గరికి రాగానే తిన్నగా పోకుండా, గోడకు భుజం రాసుకుంటూ చుట్టూ తిరిగి పోతోంది. కారు రాకముందు కూడా ఆమె నడక అంతే. గుంత లేనప్పుడు కూడా అక్కడ అలాగే తిరిగేది. గిన్నెలో నీళ్లు సగం అక్కడ ఒంపి, మిగతా సగం పెరట్లో బీరతీగకు పోసేది. తీగ లేని చోట నీళ్లెందుకు? ఇన్నేళ్లు ఒక్కసారి కూడా ఆ ప్రశ్న తనకు ఎందుకు రాలేదు? ఇంట్లో అందరి ఆకలి దప్పులు గుర్తుపెట్టుకోవడంలో తన కళ్లు తనకు మిగల్లేదు.

చేతిలో పని వదిలేసి స్వరూప బయటికి నడిచింది. గుంత అంచున నిలబడి కాలు ఎత్తింది.

"అత్తమ్మా, గిండ్ల నిలబడ్తున్న."

"వద్దు బిడ్డా! కాలు పెట్టకు!" నాగులమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. "నీ కాళ్లు మొక్కుత, తొక్కకు!"

స్వరూప కాలు గాలిలోనే ఉండిపోయింది. ఇంకేం అడగనక్కర్లేకపోయింది. అయినా అడిగింది. "చెలకల అంటివి కద."

నాగులమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "చెలకల కాదు. ఇంటి మట్టిల పెడితె మల్ల అదే కడుపుల పడతదంటరు. తల్లికి తెలువద్దంటరు. తల్లి కన్నీళ్లు ఆ మట్టి మీద పడితె ఇగ రాదంటరు. మా అత్త నాకు గట్లనే చెప్పింది, నాకు గూడ ఒకటి పోయినప్పుడు. అదేడున్నదో నాకు ఇప్పటికీ తెల్వదు. పాలు కడుపునిండ తాగక పోయిందాయె నీ బిడ్డ. అందుకే కడుగు నీళ్లు పోస్తున్న. తెల్లగుంటయని."

"కారు రోజూ తొక్కుతాంటె ఎట్ల సూసినవ్? ఒక్కనాడన్న ఆపాలె కద?"

"ఆపితె ఎందుకని నువ్వడుగుతవ్ కద బిడ్డా" అంది నాగులమ్మ, చీర కొంగు నోట్లో కుక్కుకుంటూ.

స్వరూప ఏడవలేదు. ఏడిస్తే మట్టి మీద పడుతుందని కాదు, కోపంతో కళ్లు ఎండిపోయాయి. తొమ్మిది నెలలు మోసింది తను. నొప్పులు పడ్డది తను. ఎక్కడ పెట్టారో తెలియకూడనిది మాత్రం తనకే! ఆ మట్టి మీదనే ఇన్నేళ్లు ఊడ్చింది, బట్టలు ఆరేసింది, చుట్టాలొస్తే కుర్చీలు వేసింది. మనసుకు ఎవరూ చెప్పలేదు. ఒంటికి మాత్రం ఎలా తెలిసింది?

ఆ రోజు పొద్దుగూకాక విజేందర్ అన్నానికి కూర్చున్నప్పుడు అడిగింది. "గుంత తవ్వింది నువ్వే కద. బిడ్డను పెట్టింది నీ చేతులే కద. దాని మీదికెల్లి కారు పోనిస్తివా?"

అతను ముద్ద చేత్తో పట్టుకుని ఆగాడు. నిజంగానే ఆలోచించాడు. "గాడనేనా?" అన్నాడు చివరికి. "నాకు యాదికి లేదు."

అబద్ధం చెప్పినా బాగుండేది. దాచిపెట్టాడని తిట్టుకునేది, కసిగా తొక్కించాడని శపించేది. అతనికి నిజంగానే గుర్తులేదు. ఆదివారాలన్నీ ఆ చోటనే మొరం పోసి తొక్కిన మనిషికి గుర్తులేదు.

"అయినా గిన్నేండ్లాయె. ఇంకేముంటది, మట్టిల మట్టి" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "సిమెంటు పడితె అంత సాఫ్ అయితది. మజ్జిగ పొయ్యి."

స్వరూప పోసింది. పోస్తున్న తన చేతిని చూసింది. అది ఎవరి చెయ్యో అన్నట్టుంది. గ్లాసు నిండింది, పొర్లింది, పళ్లెంలోకి కారింది. ఆమె పోస్తూనే ఉంది. విజేందర్ అరిచాక గిన్నె కింద పెట్టి అవతలికి పోయింది.

ఆదివారం పొద్దున వాకిట్లో సాన్పి పడలేదు. గడప ముందర ముగ్గు లేదు. సాన్పి బకెట్, ముగ్గు పిండి డబ్బా ఇంటి పక్క బాటలో ఉన్నాయి. గుంత చుట్టూ పచ్చగా అలికి, బిడ్డను తొట్టెలో వేసే నాటి పెద్ద ముగ్గు వేసింది స్వరూప, బాట అటు అంచు నుంచి ఇటు అంచు దాకా. చుక్క చుక్కకూ ఆగి, తొందర లేకుండా వేసింది. ముగ్గు మధ్యలో, గుంత పక్కన, కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకుని నీళ్లు పోయడానికి తల్లి కూర్చున్నట్టు.

తెల్ల కారు వచ్చింది. దాని వెనక ఇసుక, సిమెంటు బస్తాలతో ట్రాక్టర్. హారన్ మోగింది. రొమ్ముల్లో జుమ్మని పాకింది, జాకెట్ తడిసింది. ఈసారి ఆమె కొంగు కప్పుకోలేదు.

విజేందర్ పరుగెత్తుకొచ్చాడు. "లే స్వరూపా! అందరు సూస్తున్నరు! నా నౌకరి ఊడగొడ్తవా? గిదేం లొల్లి?"

"పట్టా మీద పేరు నాది" అంది ఆమె, అతని వైపు చూడకుండానే. "పెత్తనం గూడ నాదే. గేటుకు తాళం ఎయ్యిపో."

అతను గేటు వైపు కదల్లేదు, ఆమెను లేపడానికి దగ్గరికీ రాలేదు. ముగ్గు దాటడానికి అతని కాలు ఎందుకో ఆడలేదు. అరుగు మీంచి నాగులమ్మ దిగింది. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. ఈసారి గోడ పక్కకు తిరగలేదు. తిన్నగా ముగ్గులోకి వచ్చి, కోడలి పక్కన కూలబడి, ఖాళీగా ఉన్న ఆమె కాళ్ల మీద చెయ్యి వేసింది.

పరశురాం మళ్లీ హారన్ కొట్టబోయాడు. మోగలేదు. ఇంజన్ కూడా దానంతట అదే ఆగిపోయింది. బాటలో ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. గాలి లేదు, అయినా మల్లెల వాసన వచ్చింది. వాడిన వాసన కాదు, అప్పుడే విచ్చిన పూల వాసన. ట్రాక్టర్ మీదున్న కూలీలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పరశురాం తల బయటికి పెట్టాడు. "ఏమైంది చెల్లె? ఏమున్నది గాడ?"

స్వరూప పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగన్నా. నా బిడ్డ ఇప్పుడే పాలు తాగి పండుకున్నది. బండి ఎనుకకు తీస్కపో."