పుష్కరానికో పూత

రాజమండ్రిలోని గౌతమీ విలాస్ హోటల్‌కి తొంభై ఏళ్ళంటారు, దాని యజమాని అచ్చిబాబుకి అరవై ఎనిమిది. మేడ ఎక్కుతుంటే కిర్రుమన్నది మెట్టో మోకాలో ఆయనకే తేలదు. వచ్చే పుష్కరాలకి రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీవాళ్ళు గోడ మీద ఎర్రగీత గీసి పోయారు. వారసత్వ కట్టడమని రాయించుకుంటేనే ఆ గీత చెరిగి, హోటల్ రాత మారేది.

వారసత్వమంటే వారం వారం తిరగడమని ఆర్నెల్లుగా ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నాడు. చివరికి ఇవాళ అధికారి రెబెక్కా వచ్చింది. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. గోడలన్నీ గులాబీ రంగులో నిగనిగలాడుతున్నాయి.

"ఈ పెయింటు ఎప్పుడేశారండీ?"

"మొన్నేనండి. తమరొస్తున్నారని."

"నేనొచ్చింది పాతది చూడ్డానికండి."

"పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చెయ్యకుండా కూర్చోబెడతామాండి?" అంది అచ్చిబాబు భార్య సంపూర్ణమ్మ, పెసరట్టు పళ్ళెం తెస్తూ. "హోటల్ మొహం కడగమని నేనే అన్నాను."

"మొహం కడగలేదే, మూసేశాం," అన్నాడాయన నీరసంగా.

"కట్టిన ఏడు తెలిపే కాగితమేదైనా ఉందాండి?"

"ఎనభై ఆరు వరదలో గోదారమ్మ పట్టుకుపోయిందండి."

రెబెక్కా నిట్టూర్చి, సంచీలోంచి చిన్న చాకు తీసి తలుపు పక్కన గీకింది. గులాబీ కింద ఆకుపచ్చ, దాని కింద గంధం రంగు, ఇంకా కింద నీలం.

"ఇన్ని రంగులేంటండీ?"

"పుష్కరానికోసారే వేస్తామండి. కట్టడం మా తాతగారిదే, కట్టడీ ఆయనదే. ఇదిగో, ఈసారే తొందరపడ్డాం."

ఆవిడ మెల్లగా గీకుతూ లెక్కపెట్టింది. గులాబీ కాక ఏడు పూతలు, వాటి కింద తెల్లటి సున్నం.

"పోయిన పుష్కరాల నుంచి వెనక్కి ఏడు. అంటే పంతొమ్మిదొందల నలభై మూడుకి ముందే కట్టారు. నాకిది చాలండి, రాస్తాను. కానీ ఈ ప్లాస్టిక్ పెయింటు కింద సున్నపు గోడకి ఊపిరాడదు, పెచ్చులూడిపోద్ది. మొత్తం తియ్యాలి. మిషన్ పెట్టకండి, కింద రంగులు పోతాయి. చేత్తోనే."

"మొత్తమాండి?"

"మొత్తమండి. అయ్యాక ఫోన్ చెయ్యండి. అప్పుడొచ్చి ఫొటోలు తీసి పంపిస్తాను."

ఆవిడ వెళ్ళాక అచ్చిబాబు గోడల కేసి చూశాడు. రెండంతస్తులు, పద్దెనిమిది గదులు. సంపూర్ణమ్మ వంటింట్లోంచి రెండు అట్లకాడలు తెచ్చి, ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"మెల్లగానండి. అట్టు చిరక్కుండా తిప్పినట్టు."

ఆయన స్టూలు లాక్కుని, చాకు ఆగినచోట మొదలుపెట్టాడు. సాయంత్రం టిఫిన్ల వేళకి పళ్ళెమంత గోడ తేలింది.