నేల కింద చప్పుడు

చిక్కణ్ణ ఇనుప కమ్మీ ఒక కొనను నేలకు ఆనించి, రెండో కొనను కుడిచెవికి అదుముకున్నాడు. ఇరవై రెండేళ్లుగా ధర్మపురి వీధుల్లో తెల్లవారగానే ఆయన చేసే పని ఇదే. పూడ్చిన కొళాయి గొట్టం ఎక్కడ కారుతుందో అక్కడ కమ్మీ సన్నగా గురక పెడుతుంది. ఆ చెవి కాయ కాచి నల్లబడింది. ఊరి కొళాయిలన్నీ కనిపెట్టుకునే మనిషి ఇంట్లో కొళాయి లేదు. భార్య తాయమ్మ ఇప్పటికీ బావికే పోతుంది.

ఈ పొద్దు కమ్మీ వేదవల్లి ఇంటి వెనక గోడ దగ్గర గురక పెట్టింది.

గోడ వార సొరపాదు పచ్చగా పాకింది. నడివేసవిలో ఇంత పచ్చదనమా? గొట్టానికి చిల్లు పెట్టి ఉంటుందని చిక్కణ్ణకు అనుమానం కలిగింది.

"పాదుకు నీళ్లెక్కడివమ్మా?"

"వానవి."

"వాన పడి ఆర్నెల్లాయె గదా."

"అయితే మంచు పోస్తాది. నీ దారిన నువ్వు పో మామా."

వేదవల్లి పెరటి వాకిట్లో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. మొగుడు బీరప్ప మేకలు తోలుకొని తీర్థమలై సంతకు పోయాడు. ఆమె వెనకనుంచి నానిన గింజల పులిసిన వాసన వచ్చింది.

"ఈడ తవ్వి చూడల్ల," అన్నాడు చిక్కణ్ణ.

ఆమె ముఖం పాలిపోయింది. "ధాన్యం ఆఫీసరు పంపించినాడా నిన్ను? ముందు కమ్మీతో పొడుస్తారు, ఎనక పార తెస్తారు. కాటప్ప ఇంట్లో ఇట్లే జేసినారు."

చిక్కణ్ణకు అప్పుడు అర్థమైంది. యుద్ధం మొదలైనప్పటినుంచి అధికారులు దాచిన రాగుల కోసం ఇళ్లు తవ్విస్తున్నారు. ఈ గోడ లోపలి వార పాత ధాన్యపు పాతర ఉంది. ఆయన కమ్మీని గోడ మొదట్లో గుచ్చాడు. అది వెన్నలో దిగినట్టు పిడికిలి దాకా దిగింది. కింద మట్టి తగల్లేదు. కారిన నీళ్లు మట్టిని కొంచెం కొంచెంగా పాతరలోకి ఈడ్చుకుపోయి గోడ కింద బోలు చేశాయి.

కమ్మీని అక్కడే వదిలి వాకిటికి వచ్చాడు.

"రాగులు నాకొద్దు. బిడ్డనెత్తుకొని బయటికి రా."

"నేను బయటికొస్తే నువ్వు లోపలికి పోతావు."

"నేను వీధిలో నిలబడతా."

"నిలబడేవాళ్లను చానామందిని చూసినాం లే."

లోపల బిడ్డ ఏడ్చింది. వేదవల్లి ఆయన మీదనుంచి చూపు తిప్పకుండానే కాలు చాచి చెక్క ఊయలను నెట్టింది. మళ్లీ నెట్టింది. కాలు ఆగిపోయింది. నిన్నటిదాకా ఊగినప్పుడల్లా ఊయల అంచు గోడకు టక్కుమని తగిలేది. అక్కడ సున్నం అరిగి గీత కూడా పడింది. ఇప్పుడు ఊయల చివరిదాకా పోయి, దేనికీ తగలకుండా తిరిగొచ్చింది. గీతకూ అంచుకూ మధ్య జానెడు ఖాళీ.

"మామా..." అంది. "గోడ జరిగింది."

బిడ్డను లాక్కుంది. పైనుంచి మన్ను రాలింది. చిక్కణ్ణ తలగుడ్డను చుట్లు విప్పకుండానే తీసి బిడ్డ ముఖం మీద కప్పి, ఇద్దరినీ వీధిలోకి నడిపించాడు.

"రెండు మూటలుండాయి మామా. ఎవరికీ చెప్పొద్దు."

"నాది చెవుల పనమ్మా. కండ్లకేం తెలుస్తాది?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది.

అంతలో ఆయనకు కమ్మీ గుర్తొచ్చింది. "సర్కారు సొత్తు. ఇన్నేండ్లలో ఒక్కనాడూ పోగొట్టలేదు," అంటూ ఇంటి వెనక్కి తిరిగాడు. వద్దని ఆమె అరిచింది గానీ, చప్పుడు వినడానికి అలవాటుపడ్డ మనిషి ఆ అరుపు వినలేదు.

గోడ పెద్ద చప్పుడేమీ చేయలేదు. అలసిన ఎద్దు పడుకున్నట్టు బయటికి ఒరిగింది.

పక్కింటి ఎల్లప్పా ఇంకో నలుగురూ పారలతో మట్టి తీసేసరికి చిక్కణ్ణ ప్రాణం పోయింది. పాతరలో తెల్లగా మొలకలెత్తిన రాగులను అందరూ చూశారు. ఎల్లప్ప పారతో వాటి మీదికి మళ్లీ మట్టి లాగాడు.

తాయమ్మ వచ్చేదాకా వేదవల్లి అరుగు మీదే కూర్చుంది. బిడ్డ నిద్రపోయింది. దాని మీదనుంచి తీసి పక్కన పెట్టిన తలగుడ్డ, చుట్లు విడిపోకుండా, ఒక తల పట్టేంత గుండ్రంగా అట్లే ఉంది.