కుడివైపు గుంజే మోటారు

ఆ పొద్దున దేవుడికి దండం పెట్టుకుంటూ సిద్ధరాములు ఒక్కటే కోరుకున్నాడు. మోటారులో ఏదో ఒక రోగం బయటపడాలి. టైరో, బ్రేకో, ఇరుసో, ఏదైనా సరే పాడై ఉండాలి. బండి బాగుండాలని మొక్కే డ్రైవర్లను అందరం చూశాం. చెడిపోయి ఉండాలని మొక్కేవాణ్ని చూడాలంటే మాత్రం మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్‌కు రావాల్సిందే.

ఏం చేస్తాడు మరి. ముందు రోజు కుంఠా నాకా దగ్గర మోటారు ఉన్నట్టుండి కుడివైపు గుంజి, ఎదురొస్తున్న టాంగాను రాసుకుంటూ పోయింది. గుర్రం బెదిరింది. టాంగావాడు మరాఠీలో ఏడు తరాలనూ తిట్టాడు. వెనక సీట్లో ఉన్న సావుకారి అంబాదాస్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. రేపు మోటార్లు బాగుచేసే మిస్త్రీకి చూపిద్దాం, తప్పు బండిదైతే బాగు చేయిద్దాం, కాకపోతే వేరే డ్రైవర్ను పెట్టుకోక తప్పదు అన్నాడాయన. ఆ మాట కోపంగా అనలేదు. అందుకే సిద్ధరాములుకు ఎక్కువ భయం వేసింది.

ఇద్దరూ ఒకప్పుడు పక్కపక్క మగ్గాల మీద నేసినవాళ్లే. అంబాదాస్ ఎదిగి కార్ఖానా పెట్టాడు. కరెంటు మగ్గాలు వచ్చాయి. వాటికి ఆకలి లేదు, అలుపు లేదు, నడుం నొప్పి లేదు. చేతి మగ్గాలు విప్పి అటకెక్కించారు, నేతగాళ్లు తలోదిక్కూ పోయారు. పాత సావాసం కొద్దీ సిద్ధరాములును మాత్రం అంబాదాస్ పోనివ్వలేదు. ముంబైలో ఎవరో వాడి వదిలేసిన మోటారు కొని, నడపడం నేర్పించాడు. యాభై దాటినవాడికి కొత్త పని ఎవరిస్తారు? ఈ పని పోతే సిద్ధరాములు ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

మోటారు మొదటినుంచీ కొంచెం కుడికి గుంజేది. ఎండలు ముదిరి, పెళ్లిళ్ల చీరల కోసం తిరుగుడు పెరిగాక ఆ గుంజుడూ పెరిగింది. పేటవాళ్లకు తెలిసిన వైద్యం ఒకటే. మగ్గం మీద పడుగు ఒక పక్క వదులైతే ఆ పక్క రాయి కట్టి బరువు వేస్తారు. మోటారుకూ అదే చేశారు. చీరల మూటలన్నీ ఎడమ పక్కకు సర్దారు. అది చాలక, ఎడమవైపు మెట్టు మీద ఒక నాపరాయి కట్టారు. సావుకారిని కూడా ఎడమ పక్కనే కూర్చోబెట్టారు. ఆయనా తేలికైన మనిషేం కాదు. మోటారు మాత్రం ఇంత బరువూ మోసుకుంటూ కుడివైపే పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడపడం రాక బండిని అంటున్నాడని కొందరు ఎకసెక్కం చేశారు. ఆ మాట సిద్ధరాములు మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ పొద్దున దత్తోబా మిస్త్రీ మోటారుకు కట్టిన రాయిని చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. ముందు దాన్ని విప్పించి, తర్వాత పనిలోకి దిగాడు. టైర్లలో గాలి చూశాడు, రెండు పక్కలా ఒకటే. చక్రాలు పైకి లేపి తిప్పాడు, బ్రేకు ఎక్కడా పట్టేయడం లేదు. స్ప్రింగు పట్టీల్లో ఒక్కటీ విరగలేదు. ఆఖరుకు దారం అడిగి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బిగించి, ఒక కన్ను మూసి చూశాడు. చక్రాలన్నీ వరసలోనే ఉన్నాయి. మిస్త్రీ "ఠీక్" అన్నప్పుడల్లా సిద్ధరాములు గుండె ఇంకాస్త జారింది. ఒక్క బోల్టు వదులుగా ఉన్నా చాలునే అనుకున్నాడు.

మిస్త్రీ అంబాదాస్‌నూ సిద్ధరాములునూ ఎక్కించుకుని తానే అక్కల్‌కోట్ రోడ్డు మీద నడిపాడు. స్టీరింగు వదిలేసి చేతులు గాల్లో పెట్టాడు. మోటారు గీత గీసినట్టు పోయింది.

"గాడీ సరళ్ ఆహే," అన్నాడు. బండి తిన్నగానే ఉందని.

తర్వాత సిద్ధరాములును నడపమన్నాడు. ఈసారి మిస్త్రీ రోడ్డు వైపు చూడలేదు, అతని భుజాన్నే చూస్తూ కూర్చున్నాడు. కొద్ది దూరం పోయేసరికి బండి కుడికి మళ్లింది. కుడిచెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తోనే పట్టుకొమ్మన్నాడు. బండి తిన్నగా పోయింది. ఒళ్లోని చెయ్యి మాత్రం ఊరుకోలేదు. పిడికిలి బిగించి కిందికి గుంజింది, వదిలింది, మళ్లీ గుంజింది.

వాతమేమో, డాక్టరుకు చూపించమన్నాడు మిస్త్రీ. అంబాదాస్‌కు ఏ డాక్టరూ అక్కర్లేకపోయింది. పోగు మోసే నాడె మగ్గం మీద అటూ ఇటూ ఉరకడానికి నేతగాడు పొద్దంతా తాడు గుంజే గుంజుడది. ఆయనా ఒకప్పుడు అట్లా గుంజినవాడే.

బండి ఆపించాడు.

"అన్నా, నీ చెయ్యి ఖరాబయింది," అన్నాడు.

సిద్ధరాములు ఒళ్లోని చేతిని చూసుకున్నాడు.

"ఖరాబు కాలే సావుకారీ. ఇన్నేండ్లు నేర్చిన పనే చేస్తున్నది. మొగ్గాలు ఇప్పిండ్రని దానికెవ్వలు చెప్పలే."

తిరిగి వచ్చేటప్పుడు మిస్త్రీ నడిపాడు. కార్ఖానా ముందు దిగాక సిద్ధరాములు మిస్త్రీ దగ్గర్నుంచి తాళంచెవి తీసుకుని అంబాదాస్‌కు అందించాడు. రేపు రా అని ఆయన అనలేదు, రావద్దనీ అనలేదు. తాళంచెవి మాత్రం జేబులో వేసుకుని లోపలికి పోయాడు.

ఇంట్లో భార్య ద్రౌపది గడపలోనే ఎదురై, బండికి ఏమైందట అని అడిగింది. బండికి ఏం కాలేదని, తన చెయ్యే గుంజుతున్నదని, పని పోయినట్టేనని చెప్పి కూలబడ్డాడు. పని పోయిందన్నందుకు ఆమె మొహం వాడింది. చెయ్యి సంగతికి మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నిద్రల గూడ గుంజుతనే ఉంటవు," అంది, మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంటూ.

"మరి చెప్పకపోతివి?"

"కలల నేస్తున్నవనుకున్న. లేపబుద్ధి కాలే."