చారల గులాబీ ఎవరి బిడ్డ

"దొంగ! పూలదొంగ!"

పూల ప్రదర్శన మొదలై పట్టుమని పది నిమిషాలు కాలేదు. హాలు మధ్యలో అత్తగారు నీళ్ళు చల్లే డబ్బాను తుపాకీలా పట్టుకుని నిలబడింది. దాని మూతి సూటిగా టోపీ గుండెకి గురిపెట్టి ఉంది.

టోపీ అంటే అవతలి వీధిలో నర్సరీ నడిపే పెద్దమనిషి. ఇంట్లో ఉన్నా, బయట ఉన్నా, ఆఖరికి పరామర్శకి వెళ్ళినా నెత్తిమీది గడ్డి టోపీ తీయడు. లోపల బట్టతల అని అందరి నమ్మకం. అత్తగారి అభిప్రాయం వేరు. "వాడు టోపీ పెట్టుకునే రకం కాదు, పెట్టే రకం" అంటుంది.

ఆయన ముందు బల్లమీద ఒక కుండీ, కుండీలో ఒక గులాబీ మొక్క, మొక్కకి ఒకే ఒక పువ్వు. చిక్కటి ఎరుపు మీద తెల్లటి చారలు, ఎవరో సన్నటి కుంచెతో తీరిగ్గా గీసినట్టు. పక్కన బోర్డు: 'సరికొత్త గులాబీ. రెండు రకాలను కలిపి నేనే పుట్టించాను.'

"కాస్త నెమ్మదమ్మా. ఈ వయసులో బీపీ మంచిది కాదు" అన్నాడు టోపీ.

"నా బీపీ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నా కొమ్మ సంగతి చెప్పు!"

కోడలు చేతిలోని కుండీలను ఎక్కడివక్కడ దించేసి పరుగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయి విత్తనాలు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. రైతుకి అమ్మే విత్తనం అసలుదో కల్తీదో డీఎన్ఏ చూసి తేల్చడం ఆమె ఉద్యోగం. అత్తగారిని సముదాయించడం ఆమె ఓవర్ టైం.

గొడవ ఇదీ. అత్తగారి పెరట్లో ఒక ఎర్ర గులాబీ ఉంది. ఆవిడే గింజ నుంచి పెంచిన మొక్క, ఇంకెక్కడా లేదు. ఆరు నెలల కిందట దానికి ఒకే ఒక్క కొమ్మన చారల పువ్వు పూసింది. అత్తగారు మురిసిపోయి ఫోటో తీసింది. మర్నాడు పొద్దున చూస్తే కొమ్మ లేదు. కత్తెరతో నున్నగా కోసిన గుర్తు మాత్రం ఉంది. ఆ ముందు రోజే టోపీ కుండీలు కొనే నెపంతో పెరడంతా తిరిగి వెళ్ళాడు. మిగిలిన కొమ్మలన్నిటికీ ఉత్త ఎర్ర పువ్వులే. ఇక సాక్ష్యంగా ఉన్న ఆ ఫోటోలో ముప్పాతిక భాగం అత్తగారి బొటనవేలే.

"ఈ వేలికి చారలేవీ లేవే!" అన్నాడు టోపీ ఫోటో చూసి. జనం నవ్వారు. ఆయనకి హుషారు వచ్చింది. "ఆవిడ నాటు ఎర్ర మొక్క నాకెందుకండీ? అది నా నర్సరీ గుమ్మం కూడా తొక్కలేదు. కావాలంటే ప్రమాణం చేస్తాను!"

అప్పుడు వచ్చింది సెక్రటరీగారు. ప్రదర్శనకి ఆవిడే పెద్ద. పూర్వం హెడ్మాస్టరుగా చేసిన మనిషి. ఆవిడని చూడగానే నడివయసు మగవాళ్ళు కూడా చొక్కా గుండీలు సర్దుకుంటారు.

"మాటలతో పని లేదు" అంది సెక్రటరీగారు. "రేపు సాయంత్రం బహుమతులు. గెలిచిన గులాబీకి పేరు పెట్టే హక్కు దాని యజమానిది. అమ్మా, ఈ పువ్వు మీదేనని ఆ లోపు రుజువు చెయ్యండి. లేదంటే ఇదే మైకులో ఆయనకి క్షమాపణ చెప్పాలి. ఇక ముందు ఈ హాల్లో మీకు స్టాలు ఉండదు."

అత్తగారు డబ్బా కిందికి దించింది. ఆవిడ స్టాలు లేని ప్రదర్శన ఇంతవరకూ జరగలేదు.

"డీఎన్ఏ పరీక్ష చేస్తే తేలిపోతుంది" అంది కోడలు.

"భలే! దొంగచేతికే తాళాలు ఇమ్మంటారా?" అన్నాడు టోపీ.

"ఆకులు నేనే కవర్లలో పెడతాను. పైన నంబర్లు తప్ప పేర్లుండవు. ఏ నంబరు ఎవరిదో నాకొక్కదానికే తెలుస్తుంది" అంది సెక్రటరీగారు. "చారల మొక్కది ఒకటి. దానికి తల్లీ తండ్రీ అని మీరు చెప్పే మొక్కలవి రెండు. ఆవిడ ఎర్ర మొక్కది ఒకటి. చాలా?"

అత్తగారు ఎర్ర మొక్క ఆకు తేవడానికి అప్పటికే గేటు దాటేసింది.

"ఏ ఆకు కావాలి?" అన్నాడు టోపీ.

"ఏదైనా పర్వాలేదు" అంది కోడలు ధీమాగా. "మొక్కలో అడుగు నుంచి చిగురు దాకా అన్ని ఆకుల్లోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది."

"ఏదైనా ఒకటేనా?"

"ఒకటే."

"మరీ మంచిది." టోపీ కుండీ మీదకి వంగాడు. మట్టికి ఆనుకుని ఉన్న లేత రెమ్మ నుంచి ఒక ఆకు తెంపి, మహా వినయంగా సెక్రటరీగారి చేతిలో పెట్టాడు.

*

మధ్యాహ్నానికి ఆకులన్నీ ముద్దయి, గొట్టాల్లోకి చేరి, యంత్రంలో తిరుగుతున్నాయి. అత్తగారు ల్యాబులో ఎత్తు స్టూలు మీద కూర్చుంది. 'దేన్నీ ముట్టుకోకూడదు' అన్న షరతు మీద రానిచ్చారు. అందుకని అన్నిటినీ వేలితో చూపించి అడుగుతోంది.

"నాకొకటి చెప్పు. చెట్టంతా ఎరుపు పూస్తుంటే ఆ ఒక్క కొమ్మకే చారలెలా వచ్చాయి? నువ్వు పాదులో పోసిన కాఫీ పిప్పి వల్లేనని నా అనుమానం."

"నా కాఫీకి అంత శక్తి లేదత్తయ్యా."

"అది తాగేవాళ్ళకి తెలుసులే."

"కణం ఒకటి రెండయ్యేటప్పుడు తనలోని డీఎన్ఏ మొత్తం కాపీ చేసుకుంటుంది. ఒక మొగ్గలో అలా చేసుకునేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు పడింది. ఆ మొగ్గే కొమ్మగా ఎదిగింది, ఆ తప్పే చారలుగా పూసింది. ఉత్పరివర్తనం అంటారు దాన్ని."

"తప్పు రాస్తే ఇంత అందమా! నీ మొగుడు తప్పులు రాసి పదో తరగతి రెండుసార్లు చదివాడు."

కోడలికి నవ్వొచ్చింది. "ఆ ఒక్క అక్షరం తప్ప మిగతాదంతా మీ ఎర్ర మొక్కే. కాబట్టి అది మీ కొమ్మే అయితే, ఆ రెండు ఆకుల డీఎన్ఏ పలక మీద వేసే గీతలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా పడాలి. టోపీ చెప్పిందే నిజమైతే, చారల మొక్కలో కనిపించే ప్రతి గీతా వాళ్ళమ్మలోనో నాన్నలోనో ఉండాలి. ఈ రెండిట్లో ఏదో ఒకటి."

యంత్రం ఆగింది. కోడలు ఆ ద్రవాన్ని జిగురు పలక మీద పోసి కరెంటు పెట్టింది. కాసేపటికి దీపం వెలుగులో నాలుగు వరసల గీతలు తేలాయి.

ఏ రెండూ ఒకేలా లేవు.

అత్తగారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కోడలి ముఖం చూసి స్టూలు దిగింది. "మైకులో ఏం చెప్పాలో రాసి పెట్టు. నాకు క్షమాపణ చెప్పడం అలవాటు లేదు" అంది మెల్లగా.

"ఆగండత్తయ్యా." కోడలు పలక మీదకి మళ్ళీ వంగింది. "ఇందులో ఏ రెండిటికీ పుట్టిన మూడోది లేదు. అంటే టోపీ చెప్పింది కూడా అబద్ధమే. ఇవి నాలుగూ నాలుగిళ్ళ వాళ్ళు."

"అదెలా? ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఆ చారలదానికి అమ్మా నాన్నా ఎవరూ లేకుండా ఆకాశం నుంచి ఊడిపడిందా?"

ఆ ప్రశ్నతోనే ఇద్దరూ ఇంటికి వచ్చారు.

అత్తగారికి కోపం వస్తే కలుపు పీకుతుంది. ఆ సాయంత్రం పెరట్లో వరసగా కుండీల మీద పడింది. మొదళ్ళ దగ్గర మొలిచిన లేత రెమ్మలను పటుక్కు పటుక్కుమని విరిచి పారేస్తోంది. కోడలు గుమ్మంలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"పచ్చగా ఉన్నవాటిని ఎందుకు విరుస్తున్నారు?"

"ఇవి పిలకలే. అంటు కట్టిన గులాబీకి కింద ఉండేది అడవి గులాబీ కదా. వదిలేస్తే మొత్తం తిండి అదే తినేస్తుంది. పైనున్నదానికి..."

అత్తగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. కోడలు దిగ్గున లేచింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వాడు ఆకు ఎక్కడ తెంపాడు?" అంది అత్తగారు.

"మట్టి దగ్గర."

"నువ్వేమన్నావు?"

"ఏ ఆకైనా ఒకటే అన్నాను." కోడలు నుదురు కొట్టుకుంది. "మొక్క ఒకటైతే ఒకటే! ఆ కుండీలో ఉన్నది ఒక మొక్క కాదు. కింద ఒకటి, పైన ఒకటి. వాడు అడవి గులాబీ ఆకు మనకి అంటగట్టాడు!"

"నన్నూ అను. బతుకంతా అంటు కడుతూనే ఉన్నాను. ఆ గీతలు చూశాక నాకూ తట్టలేదు" అంది అత్తగారు. ఆ రోజు మొదటిసారి నవ్వింది. "ఇప్పుడేం కావాలి నీకు?"

"పువ్వు రెక్క. ఒక్కటి చాలు. ఆ పువ్వు పూసేది పైనున్న మొక్కే కదా!"

*

మర్నాడు ఆదివారం పొద్దున టోపీ బల్ల చుట్టూ తాడు కట్టి ఉంది. సందర్శకురాలు ఒకావిడ ముక్కు మూసుకుని పువ్వుని చూస్తోంది. "ఇవి జన్యువులు మార్చినవంట కదండీ? వాసన చూస్తే మనకీ చారలొస్తాయా?"

"ల్యాబుల్లో జన్యువులు కోసి అతికించే పని కాదమ్మా నాది" అన్నాడు టోపీ. "తేనెటీగ చేసే పనే నేను చేశాను, కుంచెతో." అంతలో అత్తాకోడళ్ళు కనిపించారు. ఆయన చెయ్యి టోపీ మీదకి వెళ్ళింది, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు.

కోడలు అడిగింది. టోపీ తల అడ్డంగా ఊపాడు. "రెక్క తెంపితే పువ్వు పాడవుతుంది. ఆకు నిన్ననే ఇచ్చాను. బహుమతి ప్రకటించేదాకా పోటీ మొక్క మీద యజమాని తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదని నిబంధన."

సెక్రటరీగారు ఇష్టం లేకపోయినా ఒప్పుకుంది. "నిజమే. చెయ్యి వెయ్యకూడదు. దానంతటది రాలితే వేరే సంగతి."

అత్తగారు పువ్వుని ఎగాదిగా చూసింది. నిన్నటికే పూర్తిగా విచ్చుకున్న పువ్వు. "కుర్చీ తెచ్చుకో కోడలా" అంది.

ఇద్దరూ తాడుకి ఇవతల కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పువ్వుని చూడసాగారు. ఊరికే, రెప్ప వెయ్యకుండా.

టోపీ నవ్వాడు. కాసేపటికి నవ్వు మానేశాడు. గాలికి రెక్క రాలుతుందేమోనని లేచి ఫ్యాను ఆపేశాడు. కిటికీ మూశాడు. హాలు ఆవిరిపొయ్యి అయింది. ఏదో చూపిస్తున్నారనుకుని జనం కూడా చుట్టూ మూగారు. ఉక్క ఇంకా పెరిగింది. టోపీ చెంపల మీద చెమట ధారలు కట్టింది.

"ఫ్యాను వేసుకోవయ్యా, పాపం" అంది అత్తగారు తీయగా.

"నాకు... చల్లగానే ఉంది."

"చల్లగానే ఉన్నట్టుంది. చొక్కా పిండితే నా కుండీలన్నీ తడుస్తాయి."

ఇక ఓపిక పట్టలేక ఆయన చేసిన పని చూసి హాలంతా నోరు తెరిచింది. టోపీ తన టోపీ తీశాడు! లోపల బట్టతల లేదు. దువ్వెన దిగనంత ఒత్తుగా ఉంది జుట్టు. జనం ఆ ఆశ్చర్యంలో ఉండగానే ఆయన టోపీతో ముఖం మీద విసురుకున్నాడు. ఒకసారి. రెండోసారి.

ఆ గాలికి పువ్వు ఊగింది. ఒక రెక్క విడివడి, నిదానంగా తిరుగుతూ బల్లమీద వాలింది.

కోడలు చెయ్యి చాచేలోపు టోపీ దాని మీద టోపీ బోర్లించాడు.

"టోపీ ఎత్తండి" అంది సెక్రటరీగారు.

"అదీ... ఈగ..."

"ఎత్తమన్నానా?" పాత హెడ్మాస్టరు గొంతు అది. గుంపులో ఇద్దరు ముగ్గురు అప్రయత్నంగా చేతులు కట్టుకున్నారు. టోపీ లేచింది. సెక్రటరీగారు రెక్కని పట్టకారుతో తీసి కవర్లో పెట్టి, మూతికి తన సంతకం చేసింది. నిన్న పెరట్లో విరిచిన పిలక ఆకు ఒకటి అత్తగారు ఇస్తే మరో కవర్లో వేసింది.

*

బహుమతుల వేళకి కోడలు ఫలితాల కాగితంతో హాల్లోకి దూసుకొచ్చింది. సెక్రటరీగారు తన దగ్గరున్న నంబర్లతో సరిచూసి మైకు అందుకుంది.

"నిన్న చారల మొక్కదని ఇచ్చిన ఆకు ఈవేళ తెచ్చిన అడవి గులాబీ ఆకుతో సరిపోయింది. అన్ని నర్సరీల్లోనూ అంటుకి అడుగున వాడేది అదే. ఇక పువ్వు రెక్క." ఆవిడ కళ్ళజోడు మీంచి టోపీని చూసింది. "అది ఆవిడ ఎర్ర మొక్కతో గీతకి గీత సరిపోయింది. ఏమండీ, నిన్న మీరేమన్నారు? ఆ మొక్క మీ నర్సరీ గుమ్మం కూడా..."

"తొక్కలేదన్నాను" అన్నాడు టోపీ నీరసంగా. "తొక్కలేదు మరి. సంచీలో వేసుకొచ్చాను." తర్వాత అత్తగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది. అలాంటి పువ్వు చూస్తే చేతులు ఊరుకోలేదు."

అత్తగారు తాడు దాటి వెళ్ళి మొక్కని అన్ని వైపులా తిప్పి చూసింది. అంటు కట్టిన చోట వేలితో తడిమింది. అతుకు ఎక్కడుందో తెలియనంత నున్నగా ఉంది.

"దొంగవే గానీ పనిమంతుడివి" అంది. "నీకు శిక్ష నేను వేస్తాను. ఈ మొక్క నుంచి వచ్చే ప్రతి అంటూ నువ్వే కట్టాలి. నా పెరట్లో, నా కళ్ళముందు. కాఫీ మాత్రం నా కోడలు పెడుతుంది."

"ఆ కాఫీ గురించి విన్నాను. శిక్షలు రెండెందుకమ్మా, ఒకటి చాలు" అన్నాడు టోపీ. హాలు గొల్లుమంది. అందరికన్నా ముందు నవ్వింది కోడలే.

"మొదటి బహుమతి ఈ గులాబీదే. పేరు చెప్పండమ్మా" అంది సెక్రటరీగారు, మైకు అత్తగారి నోటి దగ్గర పెట్టి. రికార్డులో ఎక్కేది, బోర్డు మీద రాసేది, కొన్నవాళ్ళ పెరట్లో నిలిచిపోయేది ఆ పేరే.

అత్తగారు గొంతు సవరించుకుంది. "నా వెనకాల వీధి వీధంతా నన్ను ఏమంటుందో నాకు తెలుసు. చెవుడేం లేదు నాకు." ముందు వరసలో కొందరు తలలు దించుకున్నారు. "అందుకే దీని పేరు గయ్యాళి. ఇక నుంచి ఆ మాట దాచుకోవద్దు. కుండీతో సహా కొనుక్కుని, పొద్దున్నే నీళ్ళు పోస్తూ, నోరారా పిలుచుకోండి."

చప్పట్లు మోగాయి. కోడలు బోర్డు మీద 'నేనే పుట్టించాను' అన్న వాక్యం చెరిపేసి, సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో గయ్యాళి అని రాసింది.

అత్తగారు రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. "బాగుంది" అంది. ఫోను తీసి ఫోటో కొట్టింది. ఈసారి కోడలు ఆవిడ బొటనవేలు పక్కకి పట్టుకుంది.