యాసీన్ చదివిన పొద్దున

మేరిమ్ మనసు వెన్నే, ఎప్పుడేం చెయ్యాలో మాత్రం తెలియదు పాపం. నర్సుగా చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఆ పొద్దున ఆపరేషన్‌కు వెళ్ళాల్సిన బుబుకాన్ ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పిత్తాశయం చీముపట్టింది. ఈ పూట తియ్యకపోతే లోపలే పగిలి ప్రాణం తీస్తుంది.

"గుండె దడదడలాడుతోందే పిల్లా. ఏదన్నా దేవుడి మాట చదువు."

ఖురాన్‌లో మేరిమ్‌కు కంఠతా వచ్చింది ఒక్క యాసీన్ సూరాయే. నాయనమ్మ చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. పక్క మంచం ఆవిడ నోటిదాకా తెచ్చిన బోర్సోక్ రొట్టెముక్క దించేసి, గబగబా తలమీద గుడ్డ సర్దుకుని అరచేతులు చాచింది.

అయ్యో రాత! వాళ్ళ కొండ ఊళ్ళలో యాసీన్ చదివేది పోయేవాళ్ళ తలాపున. నాయనమ్మ చదివిందీ అక్కడే. ముసలమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నేను పోతానని డాక్టరు నీకు చెప్పేశాడా?"

"ఒట్టు పెద్దమ్మా, లేదు! నాకొచ్చింది అదొక్కటే!"

"చాల్లే. నా బట్టలు తే. పోతే మా ఇంట్లోనే పోతా."

సెలైన్ సూది పీకబోయింది. మేరిమ్ ఆ చెయ్యి పట్టి ఆపింది. ఈమె ఇల్లు చేరితే బతకదు. చంపింది తన నోరే అవుతుంది.

"అది వింటే ఎవరూ చావరు పెద్దమ్మా!"

"అంతేనా? అయితే నువ్వు పడుకో. నీ తలాపున నేను చదువుతా."

మేరిమ్ నవ్వబోయింది, రాలేదు. మంచమెక్కి పడుకుంది. ముసలమ్మ కుర్చీలో చేరి, దుప్పటి ఆమె గడ్డం దాకా లాగి, ఎందరినో సాగనంపిన గొంతుతో మొదలుపెట్టింది. ప్రతి మాటా మేరిమ్‌కు తెలిసిందే. అయినా ఊపిరి అందలేదు. అమ్మ కావాలనిపించింది. ఆపమందామంటే నాలుక కదల్లేదు.

ముసలమ్మ తనకొచ్చినంత చదివి ఊరుకుంది. మేరిమ్ కళ్ళు తెరవలేదు.

"పిల్లా? ఏయ్ పిల్లా! లే తల్లీ, లే! నా నోరు పడిపోనూ!"

చెంపమీద పడ్డ దెబ్బకు మేరిమ్ ఉలిక్కిపడి లేచింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నారు.

ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే బండి వచ్చింది. ముసలమ్మ తనే ఎక్కి పడుకుంది.

"తలుపుదాకా నా చెయ్యి వదలకు. నోరు మాత్రం తెరిచావో, చూడు!"

మేరిమ్ నోరు మూసుకునే నడిచింది. లోపల మాత్రం యాసీన్ దానంతటదే సాగుతోంది. ఎంత ఆపినా ఆగడం లేదు.